స్పోర్ట్స్ కారు క్లచ్: ఎవరికి ఏది, ఎంతకాలం

స్పోర్ట్స్ కారు కొనబోయేవారు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: క్లచ్ ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? ఒకే మోడల్, ఒకే ఏడాది తయారీ, ఒకే గేరుబాక్సు ఉన్న రెండు కార్లను తీసుకోండి. ఒకాయన పదిహేను వేల కిలోమీటర్లకే రెండో క్లచ్ వేయించుకుంటాడు. ఇంకొకాయన డెబ్బై వేలు దాటినా మొదటి దానితోనే తిరుగుతుంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా అంతా కొలబద్దలో ఉంది.

టైరుకు కిలోమీటర్ల లెక్క సరిపోతుంది. ప్రతి కిలోమీటరులోనూ అది రోడ్డును రాసుకుంటూనే ఉంటుంది. క్లచ్ సంగతి వేరు. పెడలు మీద నుంచి కాలు తీసేశాక క్లచ్ ప్లేటు ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు, అతుక్కుని దానితో పాటే తిరుగుతుంది. అప్పుడు జారడం లేదు కాబట్టి అరగడమూ లేదు. ఖాళీ రోడ్డు మీద పై గేరులో ఐదు వందల కిలోమీటర్లు వెళ్లినా క్లచ్‌కు తెలియనైనా తెలియదు. అది అరిగేది ఆగిన కారు కదిలే ఆ రెండు మూడు సెకన్లలో. అందుకే లెక్కపెట్టవలసింది మీరు రోజుకు ఎన్నిసార్లు కారును కదిలిస్తారు, ఒక్కో కదలికలో ఎంత వేడి పుట్టిస్తారు అన్నది. మాన్యువల్ కొనాలా, డ్యూయల్ క్లచ్ కొనాలా, మార్చేటప్పుడు ఆర్గానిక్ ప్లేటా (నారలను రెసిన్‌తో అతికించినది), సిరామిక్ ప్లేటా అన్న ప్రశ్నలన్నీ ఈ లెక్క దగ్గరే తేలుతాయి.

ఒక కదలికకు ఎంత వేడి?

1,500 కిలోల కారు అనుకుందాం. మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందున్న చివరి పళ్లచక్రాల జత) కలిపి నిష్పత్తి 13, అంటే ఇంజన్ 13 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. చక్రం వ్యాసార్ధం 33 సెంటీమీటర్లు. ఇంజన్‌ను నిమిషానికి 1,500 చుట్ల దగ్గర నిలిపి మెల్లగా క్లచ్ వదిలితే, ప్లేటు పూర్తిగా పట్టుకునేసరికి కారు గంటకు 14 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఇంజన్ వేగం మారకుండా ఉంటే, ఆ క్షణానికి కారుకు ఎంత గతిశక్తి వచ్చిందో అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారిపోతుంది. ఎంతటి నేర్పరి డ్రైవరైనా తప్పించుకోలేని పన్ను ఇది. మన ఉదాహరణలో ఆ పన్ను 12 కిలోజౌళ్లు.

అదే కారును 5,000 చుట్ల దగ్గర పట్టి, పందెంలోలా వదిలారనుకోండి. ప్లేటు పట్టుకునేసరికి వేగం గంటకు 48 కిలోమీటర్లు, వేడి దాదాపు 133 కిలోజౌళ్లు. చుట్లు మూడు రెట్లకు కాస్త పైన పెరిగితే వేడి పదకొండు రెట్లయింది. వేగం వర్గంతో పెరిగే లెక్క కాబట్టి అంతే. టైర్లు జారితే ఇందులో కొంత వాటి వాటాకు పోతుంది. అయినా ఇలా పందెంలోలా కదిలే ఒక్క లాంచ్ అంటే పది మామూలు కదలికలు అనుకోవడంలో పెద్ద తప్పు లేదు.

లాంచ్ అంటే అందరికీ భయమే. ఎత్తు మీద హాఫ్ క్లచ్ అంటే మాత్రం ఎవరికీ భయం ఉండదు. పది శాతం ఎత్తున్న ర్యాంపు మీద, బ్రేకు తొక్కకుండా, క్లచ్‌నూ యాక్సిలరేటర్‌నూ సమంగా పట్టి కారును నిలిపే అలవాటు చాలామందికి ఉంది. అదొక నేర్పుగా కూడా చెప్పుకుంటారు. ఆ కారు వెనక్కి జారకుండా ఉండాలంటే క్లచ్ 37 న్యూటన్ మీటర్ల టార్క్ మోస్తూ ఉండాలి. ఇంజన్ 1,000 చుట్ల దగ్గర ఉంటే అది దాదాపు 4 కిలోవాట్లు. కారు కదలడం లేదు కాబట్టి ఆ నాలుగు కిలోవాట్లూ వేడే. రెండు పెద్ద రూమ్ హీటర్లను గేరుబాక్సు ముందు గూట్లో పెట్టి వెలిగించినట్టు. మూడు సెకన్లు నిలిపితే ఒక మామూలు కదలికంత వేడి. అర నిమిషం నిలిపితే దాదాపు ఒక లాంచ్ అంత. లాంచ్ చేసినవాడికి కనీసం ఆ ఆనందమైనా దక్కుతుంది.

నేను ఈ లెక్క కాగితం మీద వేయకముందే ముక్కుతో నేర్చుకున్నాను. నా మాన్యువల్ టూ సీటర్‌తో ఒక భూగర్భ పార్కింగు ర్యాంపు మీద వరుసలో చిక్కుకున్నాను. ముందు కారు అడుగు కదిలితే నేనూ అడుగు కదలడం, మిగతా సమయమంతా హాఫ్ క్లచ్. పది నిమిషాలకు కాలిన కాగితమూ కాలిన జిగురూ కలిసినట్టు ఒక వాసన వచ్చింది. ముందు కారుదనుకుని అద్దాలు ఎక్కించాను. వాసన తగ్గలేదు. ప్లేటు ముఖాల మీద రాసుకునే పొర ఉంటుంది, దాన్నే లైనింగు అంటారు; అందులో నారలను కలిపి ఉంచే రెసిన్ కాలితే వచ్చే వాసన అది. ఒకసారి తెలిశాక ఇక మరిచిపోయేది కాదు.

గేర్లు మార్చడంలో పోయేది చాలా తక్కువ. ఇంజన్ జడత్వం ఒక్కటే అక్కడ సర్దుకోవాలి కాబట్టి ఒక్కో మార్పుకు రెండు మూడు కిలోజౌళ్లు. కింది గేరుకు దిగేటప్పుడు యాక్సిలరేటర్‌తో ఇంజన్ చుట్లను ఆ గేరుకు తగినంత పెంచి కలపకుండా క్లచ్ వదిలి, ఇంజన్‌ను క్లచ్‌తోనే పైకి లాగిస్తే ఆ లెక్క రెట్టింపు కావచ్చు. చుట్లు కలిపి దిగితే దాదాపు సున్నా. ఎక్కువ మంది గేరు మార్పుల గురించి దిగులుపడి, ర్యాంపును మరిచిపోతారు.

ఏ గేరుబాక్సు?

మాన్యువల్ గేరుబాక్సులో క్లచ్ సాధారణంగా పొడి ప్లేటు. అది అరుగుతుంది. అరగడం దాని పని. ఎంత వేగంగా అరగాలన్నది మీ ఎడమకాలి చేతిలో ఉంటుంది. దీన్ని నేను లోపంగా చూడను. అరుగుదల ఎక్కడ జరుగుతుందో తెలుసు, లక్షణాలు ముందుగానే కనబడతాయి, మార్చే పని మంచి మెకానిక్కు ఎవరికైనా వచ్చు. శక్తిమంతమైన కారులో దీనికి రెండు చిక్కులు. ఇంజన్ టార్క్ పెరిగేకొద్దీ ప్లేటును నొక్కి పట్టే స్ప్రింగు గట్టిదై పెడలు బరువెక్కుతుంది. రెండోది, మధ్యలో ఇంజన్ ఉన్న కార్లలో క్లచ్ దగ్గరికి చేరడమే పెద్ద పని. అక్కడ ప్లేటు ధర కన్నా విప్పి బిగించే కూలి ఎక్కువవుతుంది.

ఆటోమేటెడ్ సింగిల్ క్లచ్ గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. పాత సూపర్ కారు చవకగా దొరుకుతోందని ఆశపడేవారు ఎక్కువగా తగులుకునేది దీనికే. ఫెరారీ ఈ పద్ధతిని రోడ్డు కారులో 1997లో ఎఫ్355తో తెచ్చింది. మాన్యువల్ గేరుబాక్సే, పొడి క్లచ్చే. పెడలు మాత్రం లేదు. పంపు ఒత్తిడి పెంచిన నూనెతో కంప్యూటర్ క్లచ్‌ను తెరుస్తుంది, మూస్తుంది. స్టీరింగు వెనక మీటలు లాగితే గేర్లు మారతాయి. 360, 430 కార్లలో ఇదే కొనసాగింది. లాంబోర్గినీ గయార్డోలో ఈ-గేర్ పేరుతో వచ్చింది. 2011 నాటి అవెంటడార్ కూడా సింగిల్ క్లచ్ కారే. గేరు మార్పుకు 50 మిల్లీసెకన్లు చాలునని కంపెనీ చెప్పుకుంది. దాని ఉత్పత్తి 2022 వరకు సాగింది.

గేర్లు మారే వేగానికి ముచ్చటపడతాం సరే, క్లచ్ ప్రాణం పోయేది కదిలేటప్పుడు. మాన్యువల్‌లో ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలుస్తుంది. ఇక్కడ ఆ కబురు కాలికి అందదు. యాక్సిలరేటర్‌ను పిసరంత తొక్కి మెల్లగా కదలాలనుకునే మర్యాదస్థుడికే ఇందులో ఎక్కువ నష్టం. కంప్యూటర్ ఆ పిసరు ఆజ్ఞను పాటిస్తూ క్లచ్‌ను సగంలోనే జారుస్తూ ఉంటుంది. నిబ్బరంగా కాస్త ఎక్కువ తొక్కితే ప్లేటు చటుక్కున పట్టుకుంటుంది, వేడి అక్కడితో ఆగుతుంది. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ప్రవాహం ద్వారా గేరుబాక్సుకు అందించేది) ఉన్న ఆటోమేటిక్ నడిపి వచ్చినవారు దీన్ని అలాగే నడిపి, రద్దీలో అంగుళం అంగుళం పాకించి, ప్లేటు కాల్చేస్తారు. ఇక రివర్స్ గేరులో ఎత్తు ఎక్కించడం ఈ కార్లకు అన్నిటికన్నా చెడ్డది. వెనక్కి చూసుకుంటూ ఎవరూ వేగంగా పోరు. నెమ్మదిగా పోవాలంటే క్లచ్ జారి తీరాలి. ఇంటి ముందు ర్యాంపు ఏటవాలుగా ఉండి, కారును రోజూ వెనక్కి ఎక్కించాల్సి వస్తే ఈ రకం కారు కొనకపోవడమే మేలు. దించేటప్పుడు రివర్స్ వాడి, ఎక్కించేటప్పుడు ముందుకే ఎక్కించుకునే వీలుంటే పరవాలేదు.

ఈ రకంలో ఒక మంచి కూడా ఉంది. క్లచ్ ఎక్కడ మూసుకుంటోందో సెన్సరు కొలుస్తుంది కాబట్టి, డయాగ్నస్టిక్ పరికరం తగిలిస్తే అరుగుదల శాతంలో తెలిసిపోతుంది. మాన్యువల్ కారులో ఆ సౌకర్యం లేదు. శాతాన్ని గుడ్డిగా నమ్మకూడదు అనుకోండి, దాని సంగతి చివర్లో చెబుతాను. ప్లేటు ఎక్కడ తాకడం మొదలవుతుందో ఆ బిందువును అప్పుడప్పుడు మళ్లీ సెట్ చేయించాలి కూడా. ప్లేటు పలచబడేకొద్దీ అది జరిగిపోతుంది. సెట్టింగు తప్పితే మంచి ప్లేటు కూడా అనవసరంగా జారి కాలిపోతుంది.

బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి చొప్పున రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ ఈ కథను మార్చేసింది. పోర్షే 1980ల్లోనే 962 రేసు కారులో పీడీకే అనే తన డ్యూయల్ క్లచ్ గేరుబాక్సును పరీక్షించింది. 911 రోడ్డు కారులోకి అది వచ్చేసరికి 2008. ఈలోగా 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో డీఎస్‌జీ పేరుతో డ్యూయల్ క్లచ్ వచ్చింది. 2005లో బుగాటీ వేరాన్ 1,250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను డ్యూయల్ క్లచ్‌తోనే మోయించింది. ఫెరారీ 2008లో కాలిఫోర్నియాతో మొదలుపెట్టి సింగిల్ క్లచ్‌ను వదిలేసింది.

ఎక్కువ టార్క్ ఉన్న స్పోర్ట్స్ కార్లలో ఈ రెండు క్లచ్‌లూ నూనెలో మునిగి ఉంటాయి. పొడి క్లచ్‌లో పుట్టిన వేడి ఫ్లైవీల్ ఇనుములోకి, అక్కడి నుంచి చుట్టూ ఉన్న గాలిలోకి నెమ్మదిగా పోవాలి. ఇక్కడ నూనె ప్లేట్ల మధ్య పారుతూ వేడిని పట్టుకుని కూలర్‌కు చేరవేస్తుంది. ఆ తేడా వల్లే, నూనె వేళకు మార్చితే ఈ ప్లేట్లు గేరుబాక్సు ఉన్నంతకాలం రావడం వింతేమీ కాదు. ఉదాహరణకు ఆ ఆరు గేర్ల డీఎస్‌జీకి నూనె మార్పు గడువు 60,000 కిలోమీటర్లు. రేస్ ట్రాక్‌కు తీసుకెళ్లే కారుకైతే నేను అంతవరకు ఆగను. ఇందులో పోయేది ప్లేట్ల కన్నా ఎక్కువగా వాటిని నడిపే వాల్వులు, సెన్సర్లు, సీళ్లు. అంటే ఎంపిక ఇలా ఉంటుంది: మాన్యువల్‌లో ఖర్చు తప్పకుండా వస్తుంది, కానీ అది ఎంత అన్నది ముందే తెలుస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో అసలు రాకపోవచ్చు. వస్తే మాత్రం గుండె ఆగే బిల్లు.

నూనెలో ఉంది కదా అని ఏమైనా చేయవచ్చనుకోకూడదు. 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ తొలి కార్లలో లాంచ్ కంట్రోల్ (లాంచ్‌ను కంప్యూటరే నడిపించే ఏర్పాటు) వాడకం వల్ల గేరుబాక్సులు దెబ్బతిన్నాయన్న వివాదాలు, వారంటీ గొడవలు బాగా నడిచాయి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో లాంచ్ పద్ధతినే మార్చారు. లాంచ్ మీద లాంచ్ చేస్తే నూనె వేడెక్కుతుంది. వేడెక్కిన నూనె పలచబడి, రంగు మారి, పట్టు తగ్గిస్తుంది. రెండు లాంచ్‌ల మధ్య కొన్ని కిలోమీటర్లు మామూలుగా నడిపితే కూలర్ తన పని తాను చేసుకుంటుంది. రద్దీలో ముందు కారు వెంట పాకే బదులు కాస్త ఖాళీ రానిచ్చి, ఒకేసారి కదలడం దీనికీ మంచిదే. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలపడం ఇక్కడా తప్పే. బ్రేకు తొక్కితే కంప్యూటర్ క్లచ్‌లను తెరిచేస్తుంది, వేడి పుట్టదు.

టార్క్ కన్వర్టర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కదిలేటప్పుడు జారేది నూనె కాబట్టి అరగడానికి అక్కడ లైనింగే లేదు. రోజూ రద్దీలోనే నడిపేవారికి ఇంతకన్నా నిశ్చింత మరొకటి దొరకదు. బీఎమ్‌డబ్ల్యూ తన ఎమ్5కు ఒక తరంలో డ్యూయల్ క్లచ్ పెట్టి, 2017లో ప్రకటించిన తర్వాతి తరానికి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌కు మారింది. మెర్సిడెస్ ఏఎమ్‌జీ మాత్రం 2008లో ఎస్ఎల్63 కోసం కన్వర్టర్ తీసేసి, ఆ స్థానంలో నూనెలో మునిగిన క్లచ్ పెట్టింది. ఒకే కష్టానికి ఇద్దరు ఎదురెదురు దారులు పట్టారు.

నన్ను అడిగితే: రోజూ రద్దీలో నడిపేవారు నూనె క్లచ్ గానీ కన్వర్టర్ గానీ ఉన్న కారే తీసుకోవాలి. వారాంతంలో ఖాళీ రోడ్ల మీద నడిపేవారికి మాన్యువల్‌ను మించినది లేదు. వారి కదలికలు తక్కువ, క్లచ్ పదేళ్లు వచ్చినా ఆశ్చర్యపడను. ఆటోమేటెడ్ సింగిల్ క్లచ్‌ను ఆ కారు మీద మనసు పారేసుకున్నవారు మాత్రమే కొనాలి. అదీ ఒక క్లచ్ మార్పు ఖర్చును కొనుగోలు ధరలోనే కలిపి చూసుకున్నాక.

మార్చేటప్పుడు ఏ ప్లేటు?

గేరుబాక్సు దించాక వచ్చే ప్రశ్న ఇది. ఇక్కడ అమ్మేవారి మాటలు ఎక్కువ, లెక్కలు తక్కువ. లెక్క చిన్నదే. క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి గుణకారం: రాపిడి గుణకం, నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాసుకునే ముఖాల సంఖ్య. ఒక ప్లేటుకు రెండు ముఖాలు. గుణకం 0.3, సగటు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకుంటే 500 న్యూటన్ మీటర్లు మోయడానికి 8,300 న్యూటన్ల బలం కావాలి, అంటే దాదాపు 850 కిలోల బరువు. అది కూడా అంచు మీద సరిపోయే బలమే. వేడిలో పట్టు తగ్గినా జారకుండా ఉండాలంటే పావు వంతు అదనం ఉండాలి. పెడలు ఎందుకు బరువో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంజన్ ట్యూనింగు చేయించినవారు గుర్రపుశక్తి అంకె చెబుతారు. క్లచ్‌కు ఆ అంకెతో పని లేదు, టార్క్ ఒక్కటే కావాలి. టర్బో ఇంజన్‌కు సాఫ్ట్‌వేర్ మార్చి టార్క్ 500 నుంచి 650కి పెంచితే, కంపెనీ క్లచ్‌లో ఉన్న అదనమంతా అయిపోయినట్టే. అది జారడం మొదలయ్యేది కూడా ఇంజన్ చుట్ల గరిష్ఠ హద్దు చూపే ఎర్ర గీత దగ్గర కాదు. టార్క్ శిఖరంలో ఉండే మధ్య చుట్ల దగ్గర, పై గేర్లలో.

ఆ బలాన్ని పెంచడానికి మూడు దారులు. గట్టి స్ప్రింగు వేయడం మొదటిది. పెడలు మరింత బరువెక్కుతుంది, పెడలు తొక్కినప్పుడు ఆ స్ప్రింగును నెట్టే రిలీజ్ బేరింగు మీదా, ఆ నెట్టుడును ఇంజన్ వైపు కాచుకునే క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగు మీదా భారం పెరుగుతుంది. రెండో దారి గుణకం పెంచడం. రాగి వంటి లోహపు పొడులను, సిరామిక్‌ను కలిపి వేడిలో గట్టిపరిచిన ముక్కలను బిళ్లల్లా అతికించిన ప్లేట్లు ఇవి. పట్టు బ్రహ్మాండం, వేడికి జంకవు. కానీ వాటికి పట్టడం, వదలడం తప్ప మధ్య స్థితి తెలియదు. రద్దీలో కారు కుందేలులా గెంతుతుంది. ఫ్లైవీల్ ముఖాన్నీ, రెండో వైపు నుంచి నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటునూ తినేస్తాయి. సిరామిక్ ప్లేటు ఎక్కువకాలం వస్తుందని చెప్పి రోడ్డు కారుకు అంటగట్టడం నాకు నచ్చని వ్యాపారం. ప్లేటు రావచ్చు. దాని పక్కవన్నీ ముందే పోతాయి, డ్రైవరు ఓపికతో సహా.

మూడో దారి ముఖాలు పెంచడం: రెండు ప్లేట్లు, నాలుగు ముఖాలు. అదే గుణకం, అదే వ్యాసార్ధం ఉంటే నొక్కే బలం సగం చాలు. పెడలు తేలిక, పట్టు మృదువు, వేడి నాలుగు ముఖాలకు పంచుకుంటుంది. ధర ఎక్కువే. కొన్నిటిలో పెడలు తొక్కినప్పుడు మధ్య పలక గలగలమంటుంది. అయినా టార్క్ బాగా పెంచిన రోడ్డు కారుకు ఆర్గానిక్ లైనింగు ఉన్న జంట ప్లేట్లనే నేను ముందు చూస్తాను. టార్క్ పెంచని కారుకైతే కంపెనీ ఇచ్చిన ఆర్గానిక్ ప్లేటే మంచిది. దాన్ని తయారుచేసినవారు మీకన్నా నాకన్నా ఎక్కువ పరీక్షలు చేసే వేశారు. ఆర్గానిక్ బలహీనత ఒక్కటే, వేడి. ముఖం వేడి 250, 300 డిగ్రీల సెల్సియస్ దాటితే రెసిన్ మెత్తబడి, పైకి తేలి, గాజులా నిగనిగలాడే పొర కడుతుంది. ఆ తర్వాత మందం ఎంత ఉన్నా పట్టు ఉండదు.

కార్బన్ ప్లేట్ల స్వభావం దీనికి తలకిందులు. వేడెక్కేకొద్దీ వాటి పట్టు పెరుగుతుంది, చల్లగా ఉంటే మొండికేస్తాయి. 2003లో ఉత్పత్తి మొదలైన పోర్షే కరేరా జీటీలో రెండు ప్లేట్ల కార్బన్ సిరామిక్ క్లచ్ పెట్టారు. దాని వ్యాసం కేవలం 169 మిల్లీమీటర్లు. మామూలు శక్తిమంతమైన కారులో 240 మిల్లీమీటర్లు ఉండడం సాధారణం. అంత చిన్నది కావడం వల్ల ఇంజన్‌ను కిందికి దించి అమర్చగలిగారు, చుట్లు రెప్పపాటులో ఎక్కేవి. ఆ కారును కదిలించడంలో అనుభవజ్ఞులు కూడా పదే పదే ఇంజన్ ఆపుకున్నారు. యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజన్ మందగమనంలో ఉండగానే క్లచ్‌ను నెమ్మదిగా వదలాలి. కారు తనంతట తానే కదిలాక అప్పుడు తొక్కాలి. కొంచెం ఎక్కువ తొక్కి జారించడమన్న పాత అలవాటుతో వచ్చినవారికి ఆ క్లచ్ లొంగలేదు. మన లెక్క ప్రకారం చూస్తే అదే కదా సరైన పద్ధతి: తక్కువ చుట్లు, తక్కువ వేడి.

ఫ్లైవీల్ గురించి ఒక మాట. తేలిక ఫ్లైవీల్ వేస్తే ఇంజన్ చురుగ్గా మారుతుంది, నిజమే. కానీ కదిలేటప్పుడు ఇంజన్ ఆగకుండా ఉండడానికి ఎక్కువ చుట్లు పెట్టవలసి వస్తుంది. పుట్టిన వేడిని దాచుకోవడానికి ఇనుమూ తక్కువ. రెండు వైపులా క్లచ్‌కు నష్టమే. లోపల స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను తీసి ఒకే ముక్కది వేస్తే, నిలిపి ఉంచినప్పుడు గేరుబాక్సు గలగలమనడం కూడా బోనసు. ట్రాక్ కారుకు సరే. రోడ్డు కారుకు నేను వేయను.

బల్ల మీద పాత ప్లేటు

నా కారు క్లచ్ విప్పినప్పుడు మెకానిక్కు పక్కనే నిలబడ్డాను. కొత్త ప్లేటు మందం దాదాపు 8 మిల్లీమీటర్లు. అంత మందం ఉంది కదా అనిపిస్తుంది. రివెట్ తల మీద నుంచి లైనింగు అంచు దాకా, అంటే నిజంగా అరగడానికి ఉన్నది, ఒక్కో వైపు ఒక మిల్లీమీటరు పైచిలుకు. రివెట్ లోతు 0.3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలన్నది సాధారణంగా పాటించే హద్దు. నా పాత ప్లేటుకు ఇంకా సగానికి పైగా లైనింగు మిగిలి ఉంది. అరిగి పోలేదు అది, కాలి పోయింది. ముఖం నల్లగా, అద్దంలా మెరుస్తోంది. గోరుతో గీస్తే గీత పడలేదు. ఫ్లైవీల్ మీద నాణేలంత నీలి మచ్చలు వరుసగా ఉన్నాయి. ఇనుము అక్కడక్కడ విపరీతంగా కాలి, చల్లబడి, గట్టిపడిన చోట్లు అవి. కదిలేటప్పుడు కారు గజగజ వణికేది ఎందుకో అప్పుడు తెలిసింది. వాటిని సాన పట్టకుండా కొత్త ప్లేటు వేస్తే ఆ వణుకు మళ్లీ వస్తుందని మెకానిక్కు చెప్పాడు. ఆ ర్యాంపు నాకు బాగా గుర్తుంది.

గేరుబాక్సు కిందికి దిగిందంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చాలి. క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు నుంచి నూనె చెమ్మ ఉందేమో చూడాలి. ఉంటే కొత్త ప్లేటును కూడా తడిపి చంపుతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి, కంపెనీ చెప్పిన హద్దుకు మించి ఆడుతుంటే దాన్నీ మార్చాలి. ఇక్కడ పొదుపు చేస్తే అదే కూలి రెండోసారి కట్టాలి. కొత్త ప్లేటు వేశాక మొదటి ఏడెనిమిది వందల కిలోమీటర్లు లాంచ్‌లు లేకుండా, ఆగుతూ కదులుతూ మామూలుగా నడపాలి. ముఖాలు ఒకదానికొకటి ఒదిగేది అప్పుడే. ఒకేసారి హైవే ఎక్కి ఎనిమిది వందలు పూర్తిచేస్తే ఒదగడం అసలు జరగదు. ఎందుకో మొదట్లోనే చెప్పుకున్నాం, హైవే మీద క్లచ్‌కు పనే లేదు.

పాత కారు చూడబోతే

ఓడోమీటర్ కన్నా ముందు కారు ఎక్కడ నిలిపేవారో, ఎక్కడ తిరిగేదో అడగండి. ముప్పై వేల హైవే కిలోమీటర్ల కారు, ఎనిమిది వేల రద్దీ కిలోమీటర్ల కారు పక్కపక్కన ఉంటే మొదటి దాని క్లచ్ మీదే నాకు నమ్మకం.

మాన్యువల్‌లో పెడలు బరువు చూడండి. ప్లేటు పలచబడేకొద్దీ దాన్ని నొక్కి పట్టే గుండ్రటి డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు బయటికి జరుగుతాయి. చాలా క్లచ్‌లలో అరుగుదల పెరిగేకొద్దీ పెడలు బరువెక్కుతుంది, పట్టుకునే చోటు పైకి పోతుంది. జారడం కన్నా ముందే కనబడే గుర్తు ఇది. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీగా, క్షేమంగా ఉన్న రోడ్డు మీద నాలుగో గేరులో 2,500 చుట్ల నుంచి పూర్తిగా తొక్కండి. చుట్లు ఎగిరి, వేగం వెనకబడితే క్లచ్ అయిపోయింది. మొదటి గేరులో ఈ పరీక్ష చేయడం వృథా, అక్కడ చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి కాబట్టి క్లచ్ మీద భారం పడేలోపే కారు కదిలిపోతుంది. తటస్థంలో పెట్టి పెడలు తొక్కినప్పుడు కరకర శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడు పోయి, వదిలినప్పుడు వస్తే గేరుబాక్సు లోపలి బేరింగును అనుమానించాలి.

ఆటోమేటెడ్ సింగిల్ క్లచ్ అయితే అరుగుదల శాతం రాతపూర్వకంగా అడగండి. కారు చూడబోయే వారంలోనే తీసినదై ఉండాలి. ఆ శాతం మందాన్ని మాత్రమే చెబుతుంది. నా ప్లేటులా సగం మందం మిగిలి కాలిపోయినదాన్ని అది ఆరోగ్యంగానే చూపిస్తుంది. కొత్త ప్లేటు వేసినప్పుడు విలువలను సరిగ్గా సెట్ చేయకపోతే మందం సంగతి కూడా తప్పుగానే చెబుతుంది. అందుకే అంకెతో పాటు క్లచ్ ఎప్పుడు మార్చారు, తాకే బిందువును ఎప్పుడు సెట్ చేశారు అన్న సర్వీసు కాగితాలు కూడా చూడాలి. డ్యూయల్ క్లచ్ కారులో నూనె మార్పు బిల్లులు చాలు, వాటిలో తేదీ ఎంత ముఖ్యమో కిలోమీటర్ల అంకె అంత ముఖ్యం. కొన్ని మోడళ్లలో ఎన్ని లాంచ్‌లు జరిగాయో కంప్యూటర్ లెక్కపెట్టి ఉంచుతుంది. పరికరం తగిలించేవారిని అది కూడా చదవమనండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఆ అంకె ఎంతో దాదాపు తెలిసినట్టే.

చివరగా, కారును ఒక చిన్న ఎత్తు మీద ముందుకూ వెనక్కీ రెండుసార్లు ఎక్కించి, దిగి, అద్దాలు దించి, ఒక నిమిషం వాసన చూడండి.